లేత గులాబీ అని రాశాను

మార్చి 4

డాక్టరు ఫిల్మును లైటు పెట్టె మీద పెట్టి, మూత తీసిన పెన్నుతో చూపించాడు. చెల్లి క్లోమంలో గడ్డ. కాలేయంలో మూడు మచ్చలు. మరిది పక్కన కూర్చుని అన్నీ కాగితం మీద రాసుకున్నాడు, ఒక్కో మాటా మళ్ళీ చెప్పించుకుని మరీ. చెల్లి మాత్రం ఆ పెన్ను వంకే చూస్తూ కూర్చుని, అంతా విన్నాక, మూత పెట్టెయ్యండి డాక్టరుగారూ, ఇంకు ఎండిపోతుంది అంది.

ముప్పై తొమ్మిదేళ్ళు దానికి. నాకంటే ఏడేళ్ళు చిన్నది.

ఆపరేషన్ కుదరదట. ఏడాది, ఏడాదిన్నర కిందట దొరికి ఉంటే కోసి తీయడానికి వీలుండేదేమో అన్నాడు. ఈ జబ్బుతో వచ్చిన అందరికీ చెప్పే మాటే అయి ఉంటుంది. ఒళ్ళో చెయ్యి పెట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టాను. పంతొమ్మిది నెలలు.

అప్పుడు అది ఇచ్చిన రక్తం శాంపిల్ గులాబీ రంగులో ఉంది. నాకు బాగా గుర్తు.

మార్చి 5

గులాబీ రంగులోనే ఉంది.

మార్చి 9

చెల్లి ఇంటికి వెళ్ళాను. ఫోను మోగుతూనే ఉంది. దాని దగ్గర కారు నేర్చుకుంటున్నవాళ్ళు పదకొండు మంది, క్లాసులు ఎప్పుడని అందరూ అడుగుతున్నారు. ఒకాయనకు వెనక్కి తిప్పి పార్కు చేయడం సోఫాలో కూర్చునే ఫోన్లో చెప్పింది. స్టీరింగ్ మీద కోపం చూపించకండి, అదేం చేసింది మిమ్మల్ని, అంటోంది. పదిహేనేళ్ళుగా ఎదుటివాళ్ళ భయం పక్కన కూర్చుని, తన కాలి కింద ఇంకో బ్రేకు పెట్టుకుని బతికిన మనిషి. దాన్నిండా ఓర్పే.

పిల్ల స్కూలు నుంచి వచ్చింది. పదకొండేళ్ళది. అమ్మకేం వచ్చిందో చెప్పేశారు. బ్యాగు దించకుండానే నన్ను అడిగింది.

"పెద్దమ్మా, నువ్వు ఈ జబ్బు మీదే కదా పనిచేస్తావు?"

చెల్లే అందుకుంది. ఎప్పుడో నేను చెప్పినదాన్ని నాకంటే బాగా చెప్పింది. మన ఒంట్లో జన్యువులు ఫలానా ప్రోటీన్ తయారు చెయ్యండి అని చీటీలు రాసి పంపుతాయట. మీ పెద్దమ్మ చూసే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు బుడంకాయలు, ఇరవై రెండు అక్షరాల పొడుగు కూడా ఉండవు కొన్ని. దారిలో కాపు కాసి, తమకు అతికే చీటీ కనబడగానే పట్టేసుకుంటాయి. చీటీ చేరదు, ప్రోటీన్ తయారవదు. చీటీ దొంగలన్నమాట. మంచి దొంగలే, అన్ని చీటీలూ చేరిపోతే ఒళ్ళు ఆగమైపోతుంది. కానీ కొన్ని జబ్బుల్లో ఒక రకం దొంగలు మితిమీరి పెరిగి, ఇక పెరగొద్దు ఆగు అని రాసిన చీటీలనే ఎత్తుకుపోతారు. ఆగమని చెప్పేవాళ్ళు లేక గడ్డ పెరుగుతూ పోతుంది. ఆ దొంగలు రక్తంలోకి కూడా జారుతారు, మీ పెద్దమ్మ వాళ్ళను లెక్కపెడుతుంది, ముందుగా పట్టుకోవచ్చేమోనని.

"అయితే నీ రక్తంలో లెక్కపెట్టలేదా?" అంది పిల్ల.

"పెట్టింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కావాలంటే నేనూ వెళ్ళి ఇచ్చాగా. నాది నలభై ఒకటో నంబరు." చెల్లి నా వంక చూసి నవ్వింది. "ఏం రాలేదులే. వస్తే మీ పెద్దమ్మ ఊరుకునేదా?"

నేను టీ కప్పులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళాను. కడిగిన కప్పునే మళ్ళీ కడిగాను.

మార్చి 14

జరిగింది జరిగినట్టు ఒకసారి రాసుకుంటే స్థిమితపడతానేమో.

రక్తం ఇచ్చినవాళ్ళ పేర్లు నాకు తెలియకూడదు. అది నియమం. ట్యూబు మీద నంబరే ఉంటుంది, ఏ నంబరు ఎవరిదో రాసిన జాబితా నర్సు బీరువాలో ఉంటుంది. కానీ ఆ రోజు చెల్లి మెట్లు దిగుతూ ఫోను చేసింది. నాది నలభై ఒకటట, మంచి మార్కులు వెయ్యవే, అంది. వెంటనే మా ల్యాబు పెద్దాయనకు చెప్పి ఆ నంబరు మార్పించాల్సింది. మరిచిపోయాను.

మరిచిపోలేదు. నవ్వుకుని ఊరుకున్నాను.

ఆరోగ్యవంతులు అరవై మంది. యాభై తొమ్మిది చుక్కలు గ్రాఫులో కింద గుంపుగా వచ్చాయి. నలభై ఒకటి పైన, జబ్బు ఉన్నవాళ్ళ గుంపులో ఒక్కతీ కూర్చుంది.

రక్తం తీసేటప్పుడు సూది సరిగా పడకపోతే ఎర్రకణాలు పగులుతాయి. వాటి లోపలి సరుకంతా బయటకు కారి, లెక్క దొంగగా పెరుగుతుంది. అలా పగిలిన రక్తంలో పైన తేలే ద్రవం లేత పసుపుగా కాక గులాబీగా కనిపిస్తుంది. గులాబీగా ఉన్నవాటిని పక్కన పెట్టాలి. పెట్టాను. నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

మార్చి 15

పెద్దాయన గదికి పిలిచి, చెల్లి సంగతి తెలిసిందమ్మా, ఎన్ని రోజులైనా సెలవు తీసుకో అన్నాడు. రిటైరయ్యే వయసులో ఆయన కళ్ళు కూడా తడయ్యాయి. నలభై ఒకటి గురించి చెబుదామని నోరు తెరిచి, థాంక్స్ సార్ అన్నాను.

మార్చి 22

మొదటి కీమో. కుర్చీలో ఐదు గంటలు. చెల్లి చేతికి నరం దొరకలేదు, మూడో పోటుకు దొరికింది. మందు బండి తోసుకొచ్చిన నర్సుకు, కొంచెం ఎడమకి కొట్టండి, ఇంకొంచెం, ఆఁ, ఇప్పుడు నిటారు చెయ్యండి అని పార్కింగ్ నేర్పింది. వార్డంతా నవ్వారు. పక్క కుర్చీలో ముసలాయన, ఇక్కణ్ణుంచి బయటపడ్డాక నేనూ మీ దగ్గర చేరతానమ్మా అన్నాడు. మీకు లైసెన్సు వచ్చేదాకా నేను ఎక్కడికీ పోను అంది.

నేనూ నవ్వాను. అది గమనించి చెల్లి నా చెయ్యి పట్టుకుంది. నేను భయపడుతున్నాననుకుంది.

మార్చి 26

వాంతులు. సూపు రెండు చెంచాలు.

ఏప్రిల్ 2

రిజిస్టరు తీశాను.

చెల్లికి జబ్బని తెలిసిన రోజు నుంచీ అది నా టేబులుకు నాలుగడుగుల దూరంలో, గాజు బీరువాలో ఉంది. ఇరవై తొమ్మిది రోజులు దాని ముందు నుంచే నడిచాను.

ఒక్కో శాంపిల్‌కూ ఒక వరస. ట్యూబు వెనక రంగుల కార్డు పట్టుకుని, ఏ గడిలోని రంగుతో సరిపోతుందో చూసి, కొలత తీయకముందే రాయాలి. ఇద్దరు చూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. కొలత తెలిశాక చూస్తే కన్ను తనకు కావలసిన రంగే చూస్తుందని ఈ పద్ధతి పెట్టుకున్నాం. పెట్టించింది నేనే. కొత్తవాళ్ళకు ఆ మాట చెప్పేదీ నేనే.

నలభై ఒకటి ఎదురుగా నా చేతిరాతలో "లేత పసుపు" అని ఉంది. నల్ల సిరా. దాని మీద అడ్డదిడ్డంగా కొట్టివేత. పక్కన, నా చేతిరాతలోనే, నీలం సిరాతో, "లేత గులాబీ".

మా టెక్నీషియన్‌గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చి, ఏం వెతుకుతున్నారు మేడం అంది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆమెది. పేజీ చూసింది. రెండో సంతకం గడి ఖాళీగా ఉంది. ఆ వారం మా అమ్మాయి కాన్పుకి వెళ్ళాను కదండీ అని మెల్లగా అంది. ఆ తర్వాత ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

గులాబీ రంగు నాకు గుర్తుంది. ఈ నిమిషాన కూడా కళ్ళు మూసుకుంటే కనిపిస్తోంది. ఎక్కడ చూశాను దాన్ని?

ఏప్రిల్ 3

ఫ్రీజరులో నలభై ఒకటిది ఇంకొక చిన్న ట్యూబు మిగిలి ఉంది. ఎర్రకణాలు పగిలాయా లేదా అని కంటితో కాకుండా లెక్కతో తేల్చే పరీక్ష ఒకటుంది. ఏడు దాటితే పగిలినట్టు. ఐదు లోపు అయితే శుభ్రం. సగం రోజు పని. అప్పుడే చేయొచ్చు. కంటికే కనిపిస్తుంటే ఇంకా పరీక్షెందుకని మానేశాను.

ట్యూబును మంచులో పెట్టి కరిగించాను. కార్డు ముందు పట్టుకున్నాను. గడ్డివాము రంగు. ఎండలో పెట్టిన గడ్డి రంగు.

మూడు పాయింట్ ఎనిమిది.

ఏప్రిల్ 4

పెద్దాయనకు చెప్పాను. కళ్ళద్దాలు తీసి టేబులు మీద పెట్టి, రిజిస్టరు పేజీ చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. దిద్దడం తప్పు, వ్యాసం పంపిన పత్రికకు రాయాల్సిందే అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఓదార్చడం మొదలుపెట్టాడు. ఒక్క కొలతతో జబ్బు ఉందని తేలదమ్మా. ఈ లెక్క ఇంకా ఆసుపత్రిలో వాడే పరీక్ష కాదు, మనం ఇంకా నేర్చుకుంటున్నది. వాపు ఉన్నా పెరగొచ్చు, ఇంకేదున్నా పెరగొచ్చు. పైగా నీకు ఆ నంబరు ఎవరిదో తెలియకపోయి ఉంటే, ఎక్కువొచ్చినా మనం ఎవరికీ చెప్పేవాళ్ళం కాదు, చెప్పకూడదు కూడా.

అన్నీ నిజాలే. నేను విద్యార్థులకు చెప్పే నిజాలే. ఇంటికి నడుస్తూ ఒక్కొక్కటీ లోపల ఆనించి చూసుకున్నాను. ఒక్కటీ నిలవలేదు.

నంబరు తెలియకపోయి ఉంటే దిద్దేదాన్ని కాదు. తెలిసి ఉండీ దిద్దకపోయి ఉంటే, ఎందుకైనా మంచిది ఒక స్కాను తీయించుకోవే అనేదాన్ని. తెలిసింది, దిద్దాను. మూడు దారుల్లో ఇదొక్కటే ఎలా ఎంచుకున్నాను?

అది జబ్బు మనిషి కాదు. అది మెట్లు రెండేసి ఎక్కే మనిషి. ఆ చుక్క తప్పనుకున్నాను. ప్రేమతోనే అనుకున్నాను.

ఆ చుక్క తీసేస్తే గ్రాఫు కూడా అందంగా వచ్చింది. అది కూడా రాయాలి. వచ్చింది.

ఏప్రిల్ 11

చెప్పాలి.

ఏప్రిల్ 12

రెండో కీమో అయ్యాక.

ఏప్రిల్ 19

ఈరోజు దానికి జ్వరం. జ్వరంలో ఎలా చెబుతాను.

ఏప్రిల్ 23

మందు పనిచేయడం లేదని స్కానులో తేలింది. గడ్డ పెరిగింది. ఇక కీమో ఆపేద్దామన్నాడు డాక్టరు. నెలలు అన్నాడు, ఎన్ని అని మరిది అడిగితే, తక్కువ అన్నాడు.

మరిది కారులో స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు. వెనక సీట్లోంచి చెల్లి అతని భుజం తట్టి, లేవండి, హారన్ మోగుతోంది అంది.

ఏప్రిల్ 27

చెప్పేశాను.

మరిది పిల్లను ఈతకు తీసుకెళ్ళాడు. చెల్లి కిటికీ పక్క కుర్చీలో, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. చీలమండల దగ్గర వాపు. కళ్ళు పచ్చబడ్డాయి. నేను కిటికీ కమ్మీని చూస్తూ చెప్పాను. నంబరు, రంగు, కొట్టివేత, ఫ్రీజరులో మిగిలిన ట్యూబు, మూడు పాయింట్ ఎనిమిది. ఒక్క కొలతతో ఏదీ తేలదని కూడా చెప్పాను. ఆ ముక్క రెండుసార్లు చెప్పాను.

వీధిలో ఎవరో తలుపు మీద రంగు గీకుతున్న చప్పుడు.

"అంటే నాది ఎక్కువొచ్చింది."

"వచ్చింది."

"నాదని నీకు తెలుసు."

"తెలుసు."

"గ్యాసు కట్టేశానా లేదా అని మూడంతస్తులు దిగి మళ్ళీ ఎక్కే మనిషివి నువ్వు. డౌటమ్మవి. నా నంబరు చూసినప్పుడు ఒక్క డౌటూ రాలేదా అక్కా?"

"వచ్చింది. నంబరు మీద వచ్చింది. నీ మీద రాలేదు."

అది తల ఊపింది, లెక్క సరిపోయినట్టు.

"స్కాను తీయించుకోవే అని ఒక్క మాట అంటే అయిపోయేది కదా. ఎందుకని కూడా అడిగేదాన్ని కాదు. నువ్వన్నావని పోయేదాన్ని."

కిటికీ కమ్మీకి అంటిన దుమ్ము వేలితో తుడిచాను.

"ఇప్పుడెందుకు చెప్పావు?"

నీకు తెలియాలని, అన్నాను.

"నాకా? నువ్వు మోయలేక నా మీద పెట్టావు. నేను నీళ్ళ గ్లాసు మోయలేకపోతున్నానే ఇప్పుడు."

అరవలేదు. అరిస్తే తట్టుకునేదాన్ని. కొత్తగా నేర్చుకునేవాళ్ళతో మాట్లాడే గొంతుతోనే అంది. కాసేపటికి, పిల్ల వచ్చేలోపు వెళ్ళు, దానికి నీ మొహం చూస్తే తెలిసిపోతుంది అంది.

వచ్చేశాను. గ్యాసు చూసుకోవడానికి మళ్ళీ ఎక్కలేదు. చూసుకోవడానికి అది నా ఇల్లు కూడా కాదు. ఏం రాస్తున్నానో.

ఏప్రిల్ 28

ఫోను రాలేదు.

ఏప్రిల్ 29

మరిదికి చేశాను. పడుకుంది వదినా అన్నాడు. అతనికి చెప్పినట్టు లేదు. ఎప్పటిలాగే మందులు, నిద్ర, వాపు గురించి చెప్పాడు. అతని మంచితనం వినలేక ఫోను పెట్టేశాను.

మే 1

రాలేదు.

మే 3

చెప్పకుండా ఉండాల్సిందా? చెప్పకపోతే నేను ఇంకో రంగు దిద్దినట్టు. చెప్పి, దానికి మిగిలిన నాలుగు రోజుల్లో నా తప్పు పోశాను. రెండూ రాసి చూస్తే రెండూ తప్పే. మూడోది కనబడటం లేదు.

మే 6

పొద్దున మరిది ఫోను. నిన్ను రమ్మంటోంది వదినా, గోళ్ళు తీయాలట, నేను తీస్తే కండ కోస్తానని భయం దానికి.

మంచం పట్టింది. తొమ్మిది రోజుల్లో మనిషి సగం అయింది. నన్ను చూసి, వచ్చావా, గోరుకత్తెర ఆ సొరుగులో ఉంది అంది. మంచం చివర కూర్చుని దాని పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. చిన్నప్పుడు దాని గోళ్ళు నేనే తీసేదాన్ని. కదలకుండా ఉంటే బొమ్మ గీసిస్తానని లంచం పెట్టేదాన్ని. ఇప్పుడు కదలడం లేదు.

ఎడమ కాలు అయ్యాక అడిగింది.

"డైరీ రాస్తున్నావా ఇంకా?"

"రాస్తున్నాను."

"అందులో నేను నిన్ను క్షమించానని రాసుకో."

కత్తెర ఆపాను. "క్షమించావా?"

"లేదు." పైకప్పు చూస్తూ అంది. "దానికి టైం పడుతుంది. ఏడాదికో, రెండేళ్ళకో క్షమించేదాన్నేలే. నేనెన్నాళ్ళు అలగ్గలను నీ మీద? కానీ నా దగ్గర అంత లేదు. అక్కడిదాకా నేను రాలేను. నువ్వే రాసేసుకో."

కుడి కాలు చాచింది. తీశాను. చిటికెన వేలు దగ్గర కత్తెర కండకు తగలబోతే, మెల్లిగా, తొందరేం లేదు, అంది.

మే 12

పిల్ల వాళ్ళమ్మ పక్కనే పడుకుని హోంవర్కు చేసుకుంటోంది. భిన్నాలు. చెల్లి కళ్ళు మూసుకునే జవాబులు చెబుతోంది. ఒకటి తప్పు చెప్పింది. పిల్ల దిద్దలేదు. అలాగే రాసుకుంది.

మే 19

పొద్దున పదీ నలభైకి.

మే 20

రాయలేను.

జూన్ 3

ఈరోజు పనిలోకి వెళ్ళాను. పత్రికకు ఉత్తరం పంపాను. నలభై ఒకటిని నేను కొలత చూశాక తొలగించాననీ, నాకు ఆ నంబరు ఎవరిదో తెలుసనీ, తిరిగి చేర్చితే గ్రాఫు ఎలా మారుతుందో కూడా పెట్టాను. పెద్దాయన చదివి సంతకం చేశాడు. కమిటీ పిలుస్తుంది, ఏమంటారో చూద్దాం అన్నాడు. ఏమన్నా సరే అన్నాను.

రిజిస్టరు తీసి "లేత గులాబీ" కొట్టేశాను. ఈసారి పద్ధతి ప్రకారం, ఒకే ఒక్క గీత, అడుగున ఏం రాసిందీ చదవడానికి వీలుగా. పక్కన "లేత పసుపు", ఈనాటి తేదీ, నా పొట్టి సంతకం. టెక్నీషియన్‌గారు పక్కనే నిలబడింది. ఆ రోజు నేను లేను కాబట్టి నా గడి ఖాళీగానే ఉండాలండీ అంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, నా తల మీద చెయ్యి వేసి వెళ్ళింది.

మధ్యాహ్నం పిల్ల ఫోను చేసింది. పెద్దమ్మా, నాకు కూడా వస్తుందా, నా రక్తంలో కూడా లెక్కపెడతావా అని అడిగింది. ఒక్క లెక్కతో ఏదీ తేలదమ్మా అనబోయి ఆగాను. డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళదాం, ఆయన ఏం చూడాలంటే అన్నీ చూపిద్దాం, నాన్నకు నేను చెబుతాను అన్నాను. ఎప్పుడు అంది. శుక్రవారం అన్నాను. నీకు డౌటు ఉందా అంది. ఉంది, అందుకే వెళదాం అన్నాను.

ఇంటికొచ్చి డైరీ ముందు కూర్చున్నాను. దాని మాట ప్రకారం రాశాను:

చెల్లి నన్ను క్షమించింది.

అక్షరాలు కుదురుగా వచ్చాయి. కాసేపు చూస్తూ కూర్చుంటే నమ్మబుద్ధి కూడా అయింది. పై వారానికి నాకు బాగా గుర్తు అంటాను. ఎప్పుడంది, ఏ గొంతుతో అంది, అన్నీ గుర్తొచ్చేస్తాయి.

ఒక్క గీత కొట్టాను. పక్కన రాశాను: లేదు. టైం చాలలేదు.